బర్ట్ జాన్ష్ కొత్త ఆల్బమ్ 'ద బ్లాక్ స్వాన్' విన్నారా? ఎలా ఉంది?

పాత_టేపు | 2006 నవంబర్, శనివారం రాత్రి 10:40

ఇక్కడ గిటార్ వినేవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలీదు గానీ అడిగేస్తున్నాను. స్కాట్లండ్ గిటారిస్టు, గాయకుడు బర్ట్ జాన్ష్ కొత్త ఆల్బమ్ 'ద బ్లాక్ స్వాన్' ఎవరైనా విన్నారా? నేను రెండు వారాలుగా కారులో అదే తిప్పి తిప్పి వింటున్నాను. మా ఆవిడ "ఆ ముసలాయన గొణుగుడు ఆపండి, పిల్లాడు పడుకున్నాడు" అంటుంది. నిజానికి పిల్లాడు పడుకున్నదే ఆ గొణుగుడికి.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఈయన గ్లాస్గోలో పుట్టి ఎడిన్‌బరోలో పెరిగాడు. మొదటి రికార్డు 1965లో వచ్చింది. తర్వాత పెంటాంగిల్ అని అయిదుగురి బృందంలో వాయించాడు. రాక్ గాయకుడు నీల్ యంగ్ అంతటివాడు ఈయన్ని గొప్ప గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ పక్కన పెట్టి మాట్లాడాడు. మొన్న 3వ తేదీకి 63 నిండాయి. పోయిన డిసెంబర్‌లో పెద్ద ఆపరేషన్ అయింది. 2002లో వచ్చిన 'ఎడ్జ్ ఆఫ్ ఎ డ్రీమ్' తర్వాత నాలుగేళ్లు చప్పుడు లేదు, ఇక రాదేమో అనుకున్నాను.

నాకైతే నచ్చింది. మొదటి పాటలో గిటార్ తన పాటికి తాను నడుస్తుంటే కింద నుంచి చెల్లో (వయొలిన్ లాంటిదే, పెద్దది) లేచి వస్తుంది చూడండి, తెల్లవారుజామున చెరువు మీద పొగ లేచినట్టు ఉంటుంది. మీరేమంటారు?

గళ్ళచొక్కా | శనివారం రాత్రి 11:25

విన్నాను. నిరాశపడ్డాను. తిట్టకుండా చివరిదాకా చదవండి.

నేను ఈయన మొదటి రికార్డు ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర కాపీ కొట్టిన టేపులో విన్నవాణ్ణి. ఒక గిటార్, ఒక గొంతు, అంతే. అది స్టూడియోలో చేసింది కూడా కాదు, బిల్ లీడర్ అనే ఆయన ఇంట్లో, రీల్ టేప్ రికార్డర్ మీద చేశారు. ట్రాన్స్‌అట్లాంటిక్ అనే రికార్డు కంపెనీ దానికి ముట్టజెప్పింది 100 పౌండ్లు. అప్పటికి జాన్ష్‌కి సొంత గిటార్ కూడా లేదు. అయినా అందులో వేలు తీగ మీద జారిన చప్పుడుతో సహా మన చెవి పక్కన ఉంటుంది.

ఇందులో? డ్రమ్స్, చెల్లో, బాంజో, పైన అతిథి గాయకులు. బెత్ ఆర్టన్ మూడు పాటల్లో ఉంది, అందులో ఒకదాంట్లో డెవేంద్ర బాన్‌హార్ట్ కూడా ఉన్నాడు. పెళ్లికొడుకు ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సిన పెళ్లిలా ఉంది. నిర్మాత నోవా జార్జ్‌సన్, అమెరికాలో ఇప్పుడు గడ్డాలు పెంచుకుని పాడే కుర్రాళ్ల రికార్డులన్నీ ఈయన చేతి మీదుగానే వస్తున్నాయి. వాళ్లకి ఒక తాతగారు కావలసి వచ్చారు, ఈయన దొరికాడు. నాకు అలాగే అనిపించింది.

కృష్ణాతీరం | ఆదివారం ఉదయం 7:05

నాకో చిన్న సందేహం, నవ్వకండి. ఫోక్ అంటే జానపదమే కదా? మరి ఈయన సొంతంగా రాసుకున్న పాటల్ని ఫోక్ అని ఎలా అంటారు? జానపదానికి కవి పేరు ఉండదు కదా.

పాత_టేపు | ఆదివారం ఉదయం 9:30

మంచి ప్రశ్నే కృష్ణాతీరం గారూ, నవ్వేదేం లేదు. మనకి జానపదం అంటే నాట్లప్పటి పాట, దంపుళ్ల పాట, బతుకమ్మ పాట. అక్కడ 'ఫోక్' అన్న మాట చాలా వదులుగా వాడతారు. ఊళ్లలో తరాలుగా పాడుకున్న పాటలూ, వాటి మట్టులో కొత్తగా కట్టుకున్న పాటలూ రెండూ ఆ గంపలోనే పడతాయి. ఈ ఆల్బమ్‌లో కూడా రెండు రకాలూ ఉన్నాయి. 'కేటీ క్రూయల్' పాతది, ఎవరు కట్టారో తెలియని పాట. 'ది ఓల్డ్ ట్రయాంగిల్' ఐర్లండ్ జైలు పాట. 'హై డేస్' లాంటివి సొంతవి. ఒకదాని పక్కన ఒకటి వింటుంటే అతుకు కనిపించదు, అదే ఈయన పనితనం.

గళ్ళచొక్కా గారూ, తాతగారు అన్నమాట బాగుంది గానీ ఒప్పుకోను. సాయంత్రం రాస్తాను, ఇప్పుడు చేపలకి వెళ్లాలి.

మంజీర_పిల్ల | ఆదివారం ఉదయం 11:10

నేను గళ్ళచొక్కా అన్న వైపే ఉండేదాన్ని, ఎందుకంటే మా దగ్గర ఏం జరుగుతుందో చూస్తున్నా కదా. మా అమ్మమ్మ బతుకమ్మ పాట పాడితే చప్పట్లు తప్ప ఇంకేం ఉండవు. ఇప్పుడు పండగకి వచ్చే సీడీలు చూడండి, అదే పాట, కింద కీబోర్డు, రిథమ్ ప్యాడ్ మీద ఢంచక్ ఢంచక్. పాడే ఆమె గొంతు ఎక్కడో బావిలో నుంచి వచ్చినట్టు వస్తుంది. ఒగ్గు కథ సీడీ ఒకటి కొన్నా, అందులో డోలు తీసేసి మెషీన్ పెట్టారు. డోలు లేని ఒగ్గు కథ! ఇంకా దాన్ని ఒగ్గు కథ అనడం ఎందుకు?

కాబట్టి ఫోక్ ఆల్బమ్‌లో డ్రమ్స్ అనగానే నాకు భయమే. కానీ మా తమ్ముడి దగ్గర ఈ సీడీ తీసుకుని నిన్న రాత్రి విన్నా. భయపడినంత లేదు. ఆ డ్రమ్స్ వాయించే అబ్బాయి (ఓటో హౌజర్ అని వెనక రాసి ఉంది) పక్కింట్లో పడుకున్నవాళ్లని లేపకుండా వాయిస్తున్నట్టు ఉంది.

గొంతు మాత్రం నాకు ఎక్కలేదు. అన్ని పాటలూ ఒకే ముఖంతో పాడాడు.

తీగలపిచ్చి | ఆదివారం మధ్యాహ్నం 2:50

ఈ చర్చ ఇప్పుడు చూశాను, అన్నం కూడా సగంలో ఆపి రాస్తున్నాను.

గళ్ళచొక్కా గారు గిటార్ ఎక్కడ అంటున్నారు. సార్, అక్కడే ఉంది, మీరు స్పీకర్లో వింటున్నారేమో. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆఖరు పాటకి ముందు ఉన్న 'మాగ్డలినాస్ డాన్స్' వినండి, అందులో పాట లేదు, వాద్యమే. ఆయన కుడిచేతి బొటనవేలు కింది తీగల మీద ఎద్దుబండిలా ఒకే నడక నడుస్తుంది, మిగతా వేళ్లు పైన ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంటాయి. ఒక్కోసారి తీగని మీటడు, పట్టి లాగి వదులుతాడు, అది మెట్టుకి తగిలి టప్ మంటుంది. ఆ టప్ అనేదే జాన్ష్. 1966లో 'జాక్ ఓరియన్' రికార్డులో 'బ్లాక్‌వాటర్‌సైడ్' అనే పాట ఉంది, ఆన్ బ్రిగ్స్ అనే గాయని ఆయనకి నేర్పిన పాట, దానికి గిటార్ నడక ఆయన కట్టాడు. 1969లో లెడ్ జెప్లిన్ అనే రాక్ బృందం మొదటి రికార్డులో 'బ్లాక్ మౌంటెన్ సైడ్' అని వచ్చింది, దాని మీద వాళ్ల గిటారిస్టు జిమ్మీ పేజ్ పేరు పడింది. రెండూ పక్కపక్కన పెట్టి వినండి, మీకే తెలుస్తుంది, నేనేమీ అనను.

ఆ బ్లాక్‌వాటర్‌సైడ్ నేర్చుకుందామని నేను మూడేళ్లుగా కూర్చుంటున్నాను. ఆరో తీగని ఇ నుంచి డి కి దింపాలి, రెండో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెట్టాలి. అక్కడిదాకా సులువే. చాప మీద గోడకి ఆనుకుని కూర్చుని మొదలుపెడతాను, మొదటి నాలుగు గతులు బాగానే వస్తాయి, అయిదో దానికి బొటనవేలు చూపుడువేలి మాట వినడం మొదలుపెడుతుంది, రెండూ కలిసి ఒకేసారి పడతాయి, ఇక మళ్లీ మొదటికి. దీనికి తోడు మా వైజాగ్ గాలికి తీగలు నెల తిరిగేసరికి తుప్పు పట్టేస్తాయి. వేళ్లకి నల్లగా అంటుతుంది, గిటార్ తీసినప్పుడల్లా మా అమ్మ సబ్బు తెచ్చి పక్కన పెడుతుంది.

చెప్పొచ్చేదేంటంటే, అలా వాయించే మనిషి ఈ ఆల్బమ్‌లో ఒళ్లు దాచుకోలేదు. తగ్గించాడు. రెండూ ఒకటి కాదు.

గళ్ళచొక్కా | ఆదివారం సాయంత్రం 4:15

తీగలపిచ్చి గారూ, ఇయర్‌ఫోన్లు పెట్టుకునే విన్నాను, ఖరీదైనవే. మాగ్డలినా బాగుంది, కాదనలేదు. పన్నెండింటిలో ఒకటి. మీరు చెప్పిన ఆ టప్ మిగతా పదకొండింటిలో ఎన్నిసార్లు వినిపించిందో లెక్కపెట్టి చెప్పండి.

పైగా ఇందులో కొన్ని పాత పాటలే. 'ఎ ఉమన్ లైక్ యూ' 1969లోనే 'బర్త్‌డే బ్లూస్'లో ఉంది. 'వాచ్ ద స్టార్స్' పెంటాంగిల్ రోజుల నాటిది. కొత్త ఆల్బమ్ అని చెప్పి పాత సరుకు ఇస్తే ఏమనాలి?

పాత_టేపు | ఆదివారం సాయంత్రం 7:40

చేపల కూర అయింది, వచ్చాను.

పాత సరుకు అంటున్నారు కదా, నాకు అదే ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే ఇష్టమైన విషయం. పెంటాంగిల్ వాళ్ల 'స్వీట్ చైల్డ్' 1968లో వచ్చింది, అందులో ఒక సగం లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో జనం ముందు వాయించింది. ఆ సగంలో ఈ రెండు పాటలూ ఉన్నాయి, మీరు చెప్పిన రెండూ. అంటే పాతికేళ్లప్పుడు తన బృందం కచేరీలో ఉన్నవాటిని 38 ఏళ్ల తర్వాత మళ్లీ ఎత్తుకున్నాడు. నేను మొన్న రాత్రి అదీ ఇదీ వెంటవెంటనే పెట్టుకుని విన్నాను. అప్పటి 'ఎ ఉమన్ లైక్ యూ'లో కుర్రాడి ఎగతాళి ఉంది, నువ్వు కాకపోతే ఇంకొకత్తె అన్నట్టు. ఇప్పుడు అదే మాటలు, అదే మట్టు, కానీ ఎదుటి మనిషి ఇంట్లో లేదు, ఎప్పుడో వెళ్లిపోయింది. ఆయన అలా ఉద్దేశించాడో లేదో నాకు తెలీదు, నా చెవికి అలా పడింది. మన దగ్గర పెద్ద విద్వాంసుడు అదే కీర్తన అరవై ఏట మళ్లీ పాడితే పాత సరుకు అంటామా?

ఇక తాతగారి విషయం. అమెరికా కుర్రాళ్లు ఇప్పుడే వచ్చి ఆయన్ని ఎత్తుకుపోలేదు. 1974లో 'ఎల్.ఎ. టర్నరౌండ్' చేసింది ఎవరు? మైఖేల్ నెస్మిత్, మంకీస్ అనే అమెరికా పాప్ బృందం ఆయన. అందులో పెడల్ స్టీల్ గిటార్ ఉంది. అప్పుడూ ఇలాగే కొందరు మూతి విరిచి ఉంటారు, ఇప్పుడు అదే గొప్ప రికార్డు అంటున్నారు. 2000లో 'క్రిమ్సన్ మూన్'లో జానీ మార్, బెర్నార్డ్ బట్లర్ వాయించారు. పోయిన ఆల్బమ్‌లో హోప్ సాండోవల్ పాడింది. తనకంటే చిన్నవాళ్లతో కూర్చోవడం ఈయనకి అలవాటు. మొండిగా ఒక్కడే కూర్చున్న కాలం చాలా తక్కువ.

గళ్ళచొక్కా | ఆదివారం రాత్రి 8:05

నెస్మిత్ మాట నిజమే, అది మర్చిపోయాను. సరే, అక్కడ ఒక మెట్టు దిగుతాను. కానీ విద్వాంసుడి పోలిక కుదరదు. విద్వాంసుడు పాడితే పక్కన మృదంగం, వయొలిన్ ఉంటాయి, ఆయన పాటని ఇంకొకరికి ఇచ్చి తను పక్కన కూర్చోడు. 'కేటీ క్రూయల్'లో ఈయన చేసింది అదే కదా?

నిద్రలేనోడు | ఆదివారం రాత్రి 11:58

నేను ఈయన పేరు వినడం ఇదే మొదటిసారి. మీ గొడవ చూసి ఒక పాట సంపాదించి విన్నాను. నిద్ర వచ్చింది. ఇది తిట్టు కాదు, నా పేరు చూసి అర్థం చేసుకోండి, ఆరు నెలల తర్వాత మొదటిసారి పన్నెండు లోపు పడుకోబోతున్నా.

గోపాలం_గ్లాస్గో | సోమవారం తెల్లవారుజామున 3:20 (మాకు ఇంకా ఆదివారం రాత్రే)

ఆయన పుట్టిన ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న వాడిని కాబట్టి నేనూ ఓ చెయ్యి వేస్తాను. సంగీతం గురించి నాకు మీ అంత తెలీదు. ఇక్కడ ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడు, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న మనిషి, ఆయనే నన్ను లాక్కెళ్లాడు ఒక కచేరీకి.

చిన్న హాలు. కుర్చీలు గట్టిగా ఉన్నాయి. నేను పెద్ద హీరో వస్తాడనుకున్నాను, ఎవరో కరెంటు పనికి వచ్చినట్టు ఒకాయన గిటార్ పట్టుకుని పక్క తలుపులోంచి వచ్చి కూర్చున్నాడు, జనం చప్పట్లు కొట్టేదాకా ఆయనే అని నాకు తెలీలేదు. జుట్టు కళ్ల మీద పడుతోంది. శ్రుతి చేసుకుంటూ తల వంచుకుని ఏదో అన్నాడు, ముందు వరసలో వాళ్లు నవ్వారు, మాకు వినిపించలేదు. పాటకీ పాటకీ మధ్య రెండు ముక్కలకి మించి మాట్లాడింది లేదు. కానీ వాయించడం మొదలుపెట్టాక ఆ కుడిచెయ్యి మనిషితో సంబంధం లేనట్టు ఉంది, మనిషి ఎంత మొహమాటస్తుడో చెయ్యి అంత దూకుడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్లు మూసుకుని మోకాలి మీద వేళ్లతో అదే వాయిస్తున్నాడు, ఒక్క చోట కూడా తప్పలేదు.

మంజీర_పిల్ల గారు ఒకే ముఖంతో పాడాడు అన్నారు. నిజమే. మా పెద్దాయనతో అదే అన్నాను. ఆయన చెప్పింది ఏమిటంటే, ఇక్కడి పాత పాటలు అలాగే పాడతారట, చావు పాట అయినా ప్రేమ పాట అయినా గొంతు ఏడవకూడదు, కథ చెప్పేసి పక్కకి తప్పుకోవాలి, ఏడ్చేది వినేవాడి పని. నాకు వెంటనే మా ఊళ్లో తత్వాలు పాడుతూ వచ్చే ముసలాయన గుర్తొచ్చాడు. ఏకతార ఒకటి, గొంతు చదును. వీధి చివర నుంచి వినిపిస్తే మా నాయనమ్మ చేటలో బియ్యం తీసుకుని బయటికొచ్చి నిలబడేది, పాట అయ్యేదాకా ఆయన జోలెలో పోసేది కాదు, పోస్తే వెళ్లిపోతాడని.

మంజీర_పిల్ల | సోమవారం ఉదయం 8:30

గోపాలం గారూ, అది చదివాక మళ్లీ 'ది ఓల్డ్ ట్రయాంగిల్' పెట్టుకున్నా. జైల్లో పొద్దున్నే ఖైదీలని లేపడానికి ఇనప ముక్క కొడతారట, ఆ చప్పుడు గురించి పాట. ఏడుపు గొంతుతో పాడితే సినిమా పాట అయిపోయేదేమో, ఒప్పుకుంటున్నా. నచ్చింది అనడం లేదు. అర్థమైంది అంటున్నా.

ఇంకోటి, ఇది ఎవరూ అనలేదు. 'టెక్సస్ కౌబాయ్ బ్లూస్' నాకు బలవంతంగా అనిపించింది. అది అమెరికా అధ్యక్షుడు బుష్ మీద పాట. బుష్ మీద కోపం అందరికీ ఉంది, కోపం ఉన్నంత మాత్రాన పాట అయిపోదు. మా దగ్గర గద్దర్ గారి పాట వింటూ పెరిగినవాళ్లకి కోపం పాట ఎలా ఉండాలో తెలుసు. గజ్జె కట్టి డప్పు కొడితే కడుపులో తగలాలి. ఈయన చిన్నగా ఎత్తిపొడిచి వదిలేశాడు.

తీగలపిచ్చి | సోమవారం ఉదయం 10:15

ఆ పాట విషయంలో నేనూ మీ వైపే అక్కా. ఆఫీసులో ఉన్నాను, ఒక్క మాట చెప్పి పోతాను. మత్తుమందుతో పోయిన ఒక స్నేహితుడి మీద కట్టిన 'నీడిల్ ఆఫ్ డెత్' మొదటి రికార్డులోనే ఉంది. అందులో ఎవరినీ తిట్టలేదు, అందుకే అది ఇంకా తగులుతుంది. తిట్టడం ఈయనకి చేతకాదు.

కృష్ణాతీరం | సోమవారం మధ్యాహ్నం 1:00

నాకు ఇంకో సందేహం. పెంటాంగిల్ అన్నారు కదా, అందులో సితార్ ఉందని ఎవరో చెప్పారు, నిజమేనా? నిజమైతే మొదట అదే వింటాను, మనకి కొంచెం దగ్గరగా ఉంటుందని.

పాత_టేపు | సోమవారం మధ్యాహ్నం 1:45

నిజమే. 1969లో 'బాస్కెట్ ఆఫ్ లైట్' వినండి. అందులో 'హౌస్ కార్పెంటర్' అనే పాటలో జాన్ రెన్‌బోర్న్ సితార్ వాయిస్తే జాన్ష్ బాంజో వాయించాడు. మన సితార్ లాగా ఉంటుందని ఆశపడకండి, రాగం, ఆలాపన ఏమీ ఉండవు, గిటార్ వాయించేవాడు సితార్ పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కానీ పాట బాగుంటుంది. పాడిన జాకీ మెక్‌షీ గొంతు వింటే ఈయన గొణుగుడు ఎందుకు నచ్చుతుందో కూడా తెలుస్తుంది, ఆవిడ గొంతు అద్దంలా ఉంటుంది, ఈయనది మట్టిగోడ.

గళ్ళచొక్కా గారి ప్రశ్నకి జవాబు బాకీ ఉన్నాను. 'కేటీ క్రూయల్' ఇంకొకరికి ఇచ్చి తను పక్కన కూర్చున్నాడు అన్నారు. అవును, కూర్చున్నాడు. ఆ పాటని కారెన్ డాల్టన్ 1971లో పాడింది, బాంజో పట్టుకుని. ఆవిడది విన్నవాళ్లకి ఇంకే గొంతూ ఆనదు, నాకు కూడా ఇక్కడ బెత్ ఆర్టన్ కాస్త తేలికగానే అనిపించింది. ఆ ఒక్క పాట దాటేస్తాను. నా మాట ఇంతే.

గళ్ళచొక్కా | సోమవారం రాత్రి 9:30

ఆ ఒక్క మాట మీ నోటి నుంచి వచ్చింది, చాలు, ఈ రాత్రికి పండగ.

ఊరికే అన్నాను లెండి. ఇందాక భోజనం అయ్యాక మళ్లీ మొదటి నుంచి పెట్టాను, లైట్లు ఆర్పి. 'హై డేస్' దగ్గర ఆపి రెండోసారి విన్నాను. అక్కడ చుట్టాలెవరూ లేరు, ఆయనా గిటారూ, నాకు హాస్టల్ గది గుర్తొచ్చింది. ఆల్బమ్ మొత్తం ఇలా ఎందుకు చెయ్యలేదన్న నా కోపం పోలేదు, ఇంకా పెరిగింది. పన్నెండులో అయిదు ఉంచుకుంటాను, మిగతావి మీరు తీసుకోండి.

గోపాలం_గ్లాస్గో | మంగళవారం తెల్లవారుజామున 2:10

డిసెంబర్ చివర్లో ఇండియా వస్తున్నాను, హైదరాబాద్‌లో నాలుగు రోజులు, తర్వాత వైజాగ్ మీదుగా మా ఊరు. జాన్ష్ పాత సీడీలు ఎవరికైనా కావాలంటే చెప్పండి, మా పెద్దాయన తన దగ్గర రెండేసి ఉన్నవి ఇస్తానంటున్నాడు. ఆయన షరతు ఒకటే, ఇచ్చినవాటిని షెల్ఫులో పెట్టుకోకూడదట, ఇంకొకరికి వినిపించాలట.

తీగలపిచ్చి | మంగళవారం ఉదయం 6:45

గోపాలం అన్నా, సీడీలు వీళ్లకి ఇవ్వండి. నాకు తీగలు తీసుకురండి, ఫాస్ఫర్ బ్రాంజ్‌వి, రెండు సెట్లు. 12 మందం వద్దు, 11 చాలు, నా బొటనవేలికి అంత బలం లేదు. డబ్బులు వైజాగ్ స్టేషన్లోనే ఇచ్చేస్తాను, వస్తూ అమ్మ చేసిన కాజాలు పట్టుకొస్తాను.